ఇన్ని వీడియోల్లో పిల్లలకి ఏవి చూపించాలి?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మా ఆయన కువైట్‌లో పనిచేస్తారు. నేను ఇంటర్ దాకా చదివాను, ఇంట్లో లేసు అల్లుతాను. బాబు ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ, పాప తొమ్మిదో తరగతి. ఇద్దరూ ఫోను పట్టుకుంటే వదలరు. అడిగితే "చదువు వీడియోలే అమ్మా" అంటారు. వెళ్లి చూస్తే నిజంగానే ఎవరో బోర్డు మీద లెక్కలు చెబుతూ ఉంటారు. కానీ బాబుకి మార్కులు పెరగట్లేదు. నాకు ఇంగ్లీషు అంతగా రాదు, వాళ్లు చూసేది పనికొచ్చేదో కాదో తేల్చుకోలేకపోతున్నాను. పాపకి సంగీతం మీద ఇష్టం, మా ఊళ్లో నేర్పేవాళ్లు లేరు, వీడియోలు చూసి నేర్చేసుకుంటానంటోంది. మావయ్యగారేమో వ్యవసాయం వీడియోలు, ఆరోగ్యం వీడియోలు చూసి రోజుకో కొత్త సంగతి చెబుతున్నారు. ఇన్ని వేల వీడియోల్లో ఏవి మంచివి, ఎంతసేపు చూడనివ్వాలి? బాబు ట్యాబ్ కొనమంటున్నాడు, కొననా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

అమ్మా, ముందుగా ఒక మాట. మీ బాబు అబద్ధం చెప్పట్లేదు. అతను చూసేవి చదువు వీడియోలే. చెప్పేవాళ్లు బాగా చెబుతారు, తెర మీద బొమ్మలు కదులుతాయి, అంతా అర్థమైపోయినట్టే ఉంటుంది, అది అయ్యేలోపు పక్కన ఇంకోటి సిద్ధంగా ఉంటుంది, అలా గంటన్నర గడిచాక పిల్లాడు మనస్ఫూర్తిగా "చదువుకున్నాను" అనుకునే లేస్తాడు. అందుకే తిడితే పని జరగదు, పైగా "నేను చదువుతుంటే కూడా తిడుతోంది" అన్న బాధ మిగులుతుంది. చూడటం వేరు, రావడం వేరు అన్నది అతనికి స్వయంగా తెలియాలి. అలా తెలిసేటట్టు చేయడం మీ చేతిలో ఉంది, దానికి ఇంగ్లీషు అక్కర్లేదు.

షికాగో యూనివర్సిటీలో మైకేల్ కార్డస్, ఎడ్ ఓబ్రయన్ అనే ఇద్దరు పరిశోధకులు సరిగ్గా ఈ విషయం మీదే పనిచేశారు, 2018లో అది అచ్చయింది. బోర్డుకి గురిచూసి డార్ట్ విసరడం, మూన్‌వాక్ అనే డాన్సు అడుగు వేయడం, ఇలాంటివాటి వీడియోలు కొంతమందికి ఒక్కసారి చూపించారు, కొంతమందికి 20 సార్లు చూపించారు. 20 సార్లు చూసినవాళ్లకి "ఇది నేనూ చేసేయగలను" అన్న ధైర్యం బాగా పెరిగింది. తీరా చేయమంటే ఒక్కసారి చూసినవాళ్లకన్నా మెరుగ్గా చేసిందేమీ లేదు. ఇంకో సంగతి కూడా బయటపడింది. కొయ్యలు గాల్లోకి ఎగరేసి పట్టుకునే ఆట వీడియో చూసినవాళ్లలో, ఆ కొయ్యల్ని కాసేపు చేతిలో పట్టుకోనిచ్చినవాళ్లకి అతివిశ్వాసం తగ్గిపోయింది. చేతికి తగిలేసరికి పని ఎంత కష్టమో అర్థమైందన్నమాట.

ఇది మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. లేసులో కొత్త డిజైను వీడియో ఎన్నిసార్లు చూసినా, సూదీ దారం చేతిలోకి తీసుకుని మొదటి వరస వేసేదాకా ఎక్కడ తప్పుతుందో తెలియదు కదా. లెక్కలైనా, పాటైనా, మీ మావయ్యగారి వ్యవసాయమైనా అదే వరస.

అందుకని ఏది మంచి వీడియో అని అడిగితే నా లెక్క ఇది: ఆపేశాక మనిషి చేత ఒక పని చేయించేది మంచి వీడియో. ఒక లెక్క సొంతంగా చేయడం, దేన్నో కొలవడం, ఎవరికో చెప్పడం, పాడి వినిపించడం, ఒక చోటికి వెళ్లి చూసి రావడం, ఏదో ఒకటి. ఆ పనేమిటో ఫోను తీయకముందే అనుకోవాలి. పనికి దారితీయని వీడియో ఎంత గొప్పదైనా అది వినోదం, వినోదం తప్పు కాదు, పిల్లలకి కావాలి కూడా, కానీ దాన్ని చదువు ఖాతాలో రాయకండి.

మీకు ఇంగ్లీషు రాకపోవడం గురించి

దీనికి మీరు బాధపడుతున్నారు గానీ ఈ పనిలో అది మీకు కలిసొస్తుంది. బాబు వీడియో చూశాక ఫోను బోర్లా పెట్టించి, "ఏం చెప్పారో నాకు తెలుగులో చెప్పు నాన్నా" అని అడగండి. అయిదు నిమిషాలు చాలు. మీకు ముందే తెలిసిన విషయమైతే సగం చెప్పి వదిలేస్తాడు, మీకు తెలియదు కాబట్టి మొదటి నుంచీ చెప్పాలి, మాట మాటకీ అర్థం చెప్పాలి. మధ్యలో మీరు "ఎందుకలాగ?" అని అడగండి. నిజంగా అర్థమైన పిల్లాడు చెప్పగలడు, ఉదాహరణ వెతుక్కుంటాడు, కాగితం మీద బొమ్మ గీస్తాడు. "అది ఇంగ్లీషులో ఉంటుందమ్మా, నీకు అర్థం కాదులే" అన్నాడంటే చాలాసార్లు అర్థం కానిది అతనికే. అప్పుడు కోప్పడకుండా "సరే, మళ్లీ చూసి రా" అనండి.

ఇది ఊరికే పెద్దవాళ్లు చెప్పే మాట కాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికి అనే సైకాలజీ పరిశోధకులు కాలేజీ పిల్లలకి పాఠాలిచ్చి, కొందరిని మళ్లీ మళ్లీ చదవమన్నారు, కొందరిని చదివింది మూసేసి గుర్తున్నంతా రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే తారుమారైంది, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందుకొచ్చేశారు. మీ బాబు వీడియో చూసిన సాయంత్రం అన్నీ వచ్చినట్టు ఉండటం, పరీక్షలో చేయి ఆడకపోవడం ఇలాగే జరుగుతుంది.

వాళ్ల నాన్నగారు కువైట్ నుంచి వీడియో కాల్ చేసినప్పుడు కూడా ఈ పని పెట్టండి. "తిన్నావా, చదువుతున్నావా" అన్న రెండు ప్రశ్నల తర్వాత దూరంలో ఉన్న తండ్రికీ పిల్లలకీ మాటలు దొరకవు చాలా ఇళ్లలో. ఆ వారం నేర్చుకున్న ఒక్క సంగతి ఆయనకి చెప్పమనండి, ఆయనకీ తృప్తిగా ఉంటుంది.

బాబుకి ఏవి

ముందు పాఠ్యపుస్తకం. పుస్తకంలో ఆ అధ్యాయం ఒకసారి చదివి, ఎక్కడ ఆగిపోయాడో ఆ చోటు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఆ ఒక్క చోటు కోసమే వీడియో వెతకాలి. "ఫిజిక్స్ క్లాసెస్" అని వెతికితే సముద్రం. "సరళ లోలకం ఆవర్తన కాలం" అని వెతికితే నాలుగైదు తేలతాయి, వాటిలో ఒకటి పట్టుకుని ఆ ఒక్కరి దగ్గరే ఆ అధ్యాయం ముగించాలి. ఒకే పాఠం నలుగురి దగ్గర చూడటం ఈ పిల్లలకి పెద్ద అలవాటైపోయింది, నాలుగోసారికి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు, తెలుసన్న నమ్మకం మాత్రం పెరుగుతుంది.

లోలకం మాట వచ్చింది కాబట్టి పని అంటే ఏమిటో దాంతోనే చెబుతాను. వీడియో అయ్యాక ఒక దారానికి చిన్న బరువు కట్టి, బరువు మధ్య దాకా కొలిస్తే మీటరు పొడవు వచ్చేటట్టు గుమ్మానికి వేలాడదీయమనండి. కొంచెం పక్కకి లాగి వదిలి, అటూ ఇటూ వెళ్లొచ్చే ఊపులు పది లెక్కపెడితే సుమారు 20 సెకన్లు పడుతుంది. దారం పావు మీటరుకి తగ్గిస్తే సమయం నాలుగో వంతు అవ్వాలి కదా అనిపిస్తుంది, అవ్వదు, సగమే అవుతుంది, పది ఊపులకి పది సెకన్లు. ఎందుకో సూత్రంలో ఉంది, వర్గమూలం వల్ల. ఈ అంకెలు సూత్రంలో వేసి భూమి గురుత్వ త్వరణం అతనే లెక్కకడితే 9.8కి దగ్గరలో వస్తుంది. పాప సెకన్లు చూస్తుంది, మీరు ఊపులు లెక్కపెట్టండి. అరగంట పని, ఖర్చు లేదు.

ఇంట్లో చేయలేని ప్రయోగాలకి అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు ఉన్నాయి. నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వైమన్ 2002లో మొదలుపెట్టారు. ఇవి వీడియోలు కావు, పిల్లాడే కోణం మార్చి బంతి విసరాలి, వైర్లు కలిపి బల్బు వెలిగించాలి, ఫోన్‌లో పనిచేస్తాయి, ఉచితం, కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. నన్నడిగితే పది వీడియోల కన్నా ఇందులో ఒక్కటి ఎక్కువ.

తెలుగులో పాఠాలు కావాలంటే తెలంగాణ ప్రభుత్వం నడిపే టీ-శాట్ వీడియోలు చూడొచ్చు, సిలబస్ మనదానితో అంతా కలవదు కాబట్టి అధ్యాయం పేరు మీ పుస్తకంతో పోల్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వం స్వయంప్రభ పేరుతో, పీఎం ఈ-విద్య పేరుతో టీవీ చానల్స్ కూడా నడుపుతోంది, డీడీ ఫ్రీ డిష్ ఉంటే నెట్ లేకుండానే వస్తాయి. గాలీవానా వచ్చి సిగ్నల్ పోయే రోజులు మన వైపు ఎన్నో మీకు తెలుసు.

కాలిక్యులస్ మొదలయ్యాక, సూత్రాలు కొంచెం అలవాటయ్యాక, గ్రాంట్ శాండర్సన్ అనే అమెరికా ఆయన 2015లో పెట్టిన త్రీ బ్లూ వన్ బ్రౌన్ చానల్ చూపించండి. ఇంగ్లీషే, కానీ వక్రరేఖ కింద వైశాల్యం ఎలా వస్తుందో కంటికి కట్టినట్టు చూపిస్తాడు, కింద క్యాప్షన్లు పెట్టుకోవచ్చు, వేగం తగ్గించుకోవచ్చు. మార్కుల కోసం కాదు అది. లెక్కల్లో అందం ఉందని పిల్లాడికి ఒక్కసారి అనిపిస్తే తర్వాత ఎవరూ తోయక్కర్లేదు, అందుకోసం. ఐఐటీలూ, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలు ఇంజనీరింగ్‌లో చేరాక పనికొస్తాయి, ఇప్పుడు వద్దు. ఇస్రో రాకెట్ ప్రయోగాలు లైవ్‌లో వస్తాయి, అవి మాత్రం ఇంటిల్లిపాదీ చూడండి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగుతుంటే యూట్యూబ్‌లో ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు.

ఉచితంగా చెప్పేవాళ్లలో కొందరు చివర్లో కోర్సు కొనమంటారు. వాళ్లకీ బతుకు ఉండాలి, తప్పు పట్టను, కానీ మీతో మాట్లాడకుండా ఒక్క రూపాయి కూడా కట్టొద్దని బాబుకి గట్టిగా చెప్పండి.

పాప సంగీతం

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో వీడియోలు ఎంత ఇవ్వగలవో అంత ఇస్తాయి, ఆ తర్వాత ఒక్క అడుగు కూడా ముందుకి తీసుకెళ్లవు.

ఇచ్చేది ఏమిటంటే వినికిడి. మీ నరసాపురం రేవులో గోదారి దాటి సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి మలికిపురం మీదుగా వెళ్తే శంకరగుప్తం అనే ఊరుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930లో పుట్టింది ఆ ఊళ్లోనే. చిన్న పిల్లాడిగా ఉండగానే కచేరీ చేసి, 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టి, 1991లో పద్మవిభూషణ్ అందుకున్న మనిషి మీకు రేవు అవతలి ఊరివాడు. వీణలో పేరున్న ఈమని శంకరశాస్త్రిగారు ద్రాక్షారామంలో పుట్టారు, ఆయన శిష్యుడు చిట్టిబాబుగారు కాకినాడలో. ఒకప్పుడు వీళ్ల కచేరీ వినాలంటే రేడియోలో ఎప్పుడొస్తుందా అని కాచుకోవాలి, లేదా ప్రయాణం కట్టుకుని వెళ్లాలి. ఇప్పుడు దూరదర్శన్, ఆకాశవాణి భద్రపరిచినవి ప్రసార భారతి ఆర్కైవ్స్ చానల్లో పెడుతున్నారు, పాత కచేరీలు ఎన్నో దొరుకుతున్నాయి. రోజూ ఒకటి, పాప హోంవర్కు అయ్యాక, మీరు లేసు అల్లుకుంటూ ఇద్దరూ వినండి. తెర చూడక్కర్లేదు. ఒకే కీర్తన వారం రోజులు వినండి, ఇద్దరు ముగ్గురు పాడినవి. వారం చివర పాపని "ఆవిడ పాడినదానికీ ఈయన పాడినదానికీ ఏం తేడా?" అని అడగండి. చెవి తయారైతే సగం సంగీతం వచ్చినట్టే.

ఇవ్వలేనిది ఏమిటంటే, వీడియో మీ పాప పాట వినదు. మొదటి పాఠాలైన సరళీ వరుసలు మాయామాళవగౌళ రాగంలో మొదలవుతాయి, మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పాడాలి, ఆ తర్వాత జంట వరుసలు, అలంకారాలు, గీతాలు. ఇవన్నీ వరసగా చెప్పే వీడియోలు ఉన్నాయి, పాప వాటితో పాటు పాడేయగలదు కూడా. కానీ రిషభం, అంటే రి స్వరం, కాస్త పైకి పోతోందనో, రెండో కాలంలో తాళం పరుగెడుతోందనో పక్కనుండి ఎవరో చెప్పాలి. చెప్పేవాళ్లు లేక తప్పు స్వరం గొంతులో స్థిరపడిపోతే తర్వాత దాన్ని సరిచేయడానికి నేర్పినదానికన్నా ఎక్కువ కాలం పడుతుంది, ఇది ఏ సంగీతం టీచర్ని అడిగినా చెబుతారు. కాబట్టి ఒక మనిషిని వెతకాల్సిందే. నరసాపురంలో, పాలకొల్లులో, భీమవరంలో అడగండి, ఆదివారం ఒక్క గంట చాలు. గుళ్లో నవరాత్రులకి పాడేవాళ్లని అడిగితే ఎవరు నేర్పుతారో తెలుస్తుంది. ఎదురుగా దొరక్కపోతే వీడియో కాల్‌లో ఒక్కళ్లకే నేర్పేవాళ్లయినా సరే, అవతల వినే మనిషి ఉండాలి, అది ముఖ్యం. మిగతా ఆరు రోజులూ తంబురా యాప్ శ్రుతి పెట్టుకుని సాధన, ఆ వారం పాఠం వీడియోలో మళ్లీ చూసుకోవడం. తన గొంతు రికార్డు చేసుకుని తనే వినమనండి, మొదట్లో పిల్లలకి సిగ్గేస్తుంది, నాలుగు రోజుల్లో తప్పులు తనకే వినిపిస్తాయి.

పాపకి పాటతో పాటు కథ చెప్పడం, అభినయం ఇష్టమేమో కూడా చూడండి. మన గోదావరి జిల్లాల్లోనే కపిలేశ్వరపురంలో ఆడపిల్లలకి హరికథ నేర్పే సర్వారాయ హరికథా పాఠశాల ఉంది. హరికథలో సంగీతం, నాట్యం, కథ చెప్పడం మూడూ ఒక్క మనిషే చేయాలి, కాలికి గజ్జె, చేతిలో చిడతలు. ముందు రెండు మూడు హరికథలు వీడియోలో చూపించండి, పాప కళ్లు వెలిగితే ఒకసారి తీసుకెళ్లి అక్కడివాళ్లతో మాట్లాడండి.

పాప బడి చదువుకి పెద్దగా వెతకక్కర్లేదు. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో అధ్యాయం దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటుంది, దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియోలు వస్తాయి. ఆ పుస్తకాల్లో తెలుగు ఒక పేజీలో, ఇంగ్లీషు పక్క పేజీలో ఉంటుంది కాబట్టి మీరు తెలుగు పేజీ చదివి ప్రశ్న అడగొచ్చు. సైన్సుకి అరవింద్ గుప్తాగారి వీడియోలు చూపించండి. కాన్పూర్ ఐఐటీలో చదివి, పారేసే అట్టముక్కలతో, స్ట్రాలతో, పాత సైకిల్ ట్యూబులతో బొమ్మలు చేసి సైన్సు చెప్పే ఆయన, 2018లో పద్మశ్రీ ఇచ్చారు. చాలావరకు చిన్న చిన్న వీడియోలు, మన దేశ భాషలెన్నిట్లోనో ఉన్నాయి, చూసిన ప్రతిదీ చేసి చూడాలనిపిస్తుంది. నేను పైన చెప్పిన లెక్కకి ఇంతకన్నా బాగా నిలబడేవి నాకు కనబడలేదు.

మన చుట్టూ ఉన్నవి

సంస్కృతి వీడియోలంటే పిల్లలు ఎక్కడెక్కడివో చూస్తారు, చూడనీండి. కానీ మన గోదావరి జిల్లాలవి చూస్తే లేచి వెళ్లి చూడొచ్చు, ఆ సౌకర్యం వేరేవాటికి లేదు. కనుమ రోజు కోనసీమలో దేవుడి ప్రభల్ని భుజాల మీద మోసుకొచ్చే జగ్గన్నతోట ప్రభల తీర్థం వీడియోలు బోలెడు, 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం కూడా అదే. డ్రోన్‌తో తీసి సినిమా పాట పెట్టినవి అందంగా ఉంటాయి గానీ వాటిలో తెలిసేది ఏమీ ఉండదు. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు ఎలా వస్తాయి, వెదుళ్లతో ప్రభ ఎలా కడతారు, కౌశిక ఏరు దాటేటప్పుడు మోసేవాళ్లు ఎలా పట్టుకుంటారు, ఇవి చెప్పే వీడియో వెతికి, దాన్ని చూసి, వచ్చే సంక్రాంతికి పిల్లల్ని తీసుకెళ్లండి. అలాగే తోలుబొమ్మలాట చూసి, కాకినాడ దగ్గర మాధవపట్నంలో ఆ కళాకారుల కుటుంబాలు ఉన్నాయని తెలిస్తే పిల్లలకి ఆ బొమ్మ వెనక మనిషి కనబడతాడు. ధవళేశ్వరం వెళ్తే గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర మ్యూజియం చూపించండి. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తిచేయడం, దానికి ముందు ఈ ప్రాంతం కరువులతో, 1839 కోరంగి తుపానుతో పడిన బాధ, ఇదంతా మీ ఇంటి పక్క కాలవలో నీళ్ల చరిత్రే.

ఇంకో పని. మీ మావయ్యగారికి పాత పద్యాలో, నాట్లప్పటి పాటలో, పడవల మీద సరుకు వెళ్లిన రోజుల సంగతులో తెలిసే ఉంటాయి. పిల్లల చేత ఆయన్ని వీడియో తీయించండి. ప్రశ్నలు వాళ్లే రాసుకోవాలి. అది ఎక్కడా పెట్టక్కర్లేదు, ఇంట్లో ఉంచుకోండి.

మావయ్యగారి వీడియోలు

వ్యవసాయం గురించి అయితే చెప్పేవాళ్లు ఎవరు, ఏ నేలలో చేశారు, ఏ ఊరు అన్నవి చూడమనండి. తెలంగాణ మెట్టలో పనిచేసింది మన డెల్టా మాగాణిలో పనిచేయాలని లేదు. మీకు దగ్గర్లోనే మార్టేరు వరి పరిశోధన స్థానం ఉంది, 1982లో వచ్చిన స్వర్ణ, అదే మనవాళ్లు 7029 అని పిలిచే విత్తనం, అక్కడిదే. కొత్త విత్తనమో, కొత్త మందో వీడియోలో చూస్తే కొనేముందు అక్కడ అడగమనండి. కొబ్బరికైతే అంబాజీపేట పరిశోధన స్థానం ఉంది. ఆ వయసులో నేర్చుకోవాలన్న ఆసక్తి ఉండటం గొప్ప విషయం, దాన్ని తీసిపారేయకండి.

ఆరోగ్యం వీడియోల దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. వీడియో చూసి బీపీ మాత్రో షుగరు మాత్రో ఆపడం, తగ్గించడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఏదైనా కొత్తగా అనిపిస్తే ఆ వీడియో డాక్టరుగారికి చూపించి అడగమనండి.

ఎంతసేపు, ఎలా

గంటల లెక్క నేను చెప్పను. చూసినంతసేపు చేయాలి, ఇది ఒక్కటే పెట్టండి. ఇరవై నిమిషాలు చూస్తే ఇరవై నిమిషాలు పెన్ను పట్టుకోవాలి. గంట పాఠాన్ని ఒక్క ఊపున చూడమని కూడా బలవంతపెట్టకండి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల్లో విద్యార్థులు వీడియోలు ఎలా చూశారో 2014లో పరిశీలిస్తే, వీడియో ఎంత పొడవున్నా సగటు విద్యార్థి ఆరు నిమిషాలకు మించి నిలవలేదు. కాబట్టి ముక్కలు చేసుకోవాలి. కొంచెం చూడటం, ఆపి లెక్క చేయడం, మళ్లీ చూడటం.

ఫోన్‌లో ఆటోప్లే ఆపేయండి. యూట్యూబ్ హిస్టరీ తుడిచేసి, ఇకమీదట దాచకుండా ఆఫ్ చేస్తే, తెరవగానే ఇది చూడు అది చూడు అని ఎదురొచ్చేవి మాయమవుతాయి, కావలసింది వెతుక్కునే చూడాలి. ఆదివారం పూట పిల్లలూ మీరూ కూర్చుని ఆ వారం చూడవలసినవి ఒక ప్లేలిస్టులో పెట్టండి, ఒక్కొక్కదాని పక్కన చేయాల్సిన పని కాగితం మీద రాయండి. కుదిరితే హాల్లో టీవీ మీదే చూడనివ్వండి. గదిలో తలుపేసుకుని ఫోన్‌లో చూసేదానికీ, అందరి మధ్య టీవీలో చూసేదానికీ ఎంత తేడా వస్తుందో మీకే తెలుస్తుంది. రీల్స్, షార్ట్స్ మీద మొదటి రోజునుంచే యుద్ధం పెట్టుకోకండి. పని అయ్యాక కాసేపు చూసుకోనివ్వండి, అది వినోదమని చెప్పి మరీ చూడనివ్వండి.

ఇక ట్యాబ్. ఇప్పుడు కొనకండి. మీ టీవీకి నెట్ వస్తే అదే చాలు, రాకపోతే ఫోన్ని టీవీకి కలిపే చిన్న పరికరం ట్యాబ్ కన్నా బాగా తక్కువలో వస్తుంది. బాబుతో మాత్రం "కొనను" అని తేల్చేయకుండా, ఈ త్రైమాసిక పరీక్షల దాకా పైన చెప్పిన పద్ధతిలో చేయమనండి. వారం వారం ప్లేలిస్టు కాగితం అతని దగ్గరే ఉంచమనండి. అప్పటికి ఆ కాగితాల్లో పనులు పూర్తయి ఉండి, ట్యాబ్ ఎందుకు కావాలో అతను మీకూ వాళ్ల నాన్నగారికీ వివరంగా చెప్పగలిగితే అప్పుడు ముగ్గురూ కూర్చుని ఆలోచించండి. పాపకి టీచరు దొరికిందో లేదో మాత్రం నాకు తప్పకుండా రాయండి.